పటం కట్టించే ముందు: ఫ్రేముల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో ఫ్రేముల దుకాణం నడుపుతూ ఇరవై రెండేళ్లు గడిచాయి. మా వైపు పెద్దవాళ్లు ఇప్పటికీ ఫ్రేము చేయించడం అనరు, పటం కట్టించడం అంటారు. దుకాణంలోకి వచ్చినవారిలో చాలామంది మొదట గోడకు వరుసగా తగిలించిన బీడింగ్ (పటం చుట్టూ చట్రంగా బిగించే పట్టీ) ముక్కల వైపు చూస్తారు. తాము తెచ్చిన ఫోటో అప్పటికింకా సంచిలోనే ఉంటుంది. నేను మాత్రం ముందుగా ఆ ఫోటోను బల్ల మీద పెట్టమంటాను, ఇంట్లో ఇన్ని ఫోటోలు ఉండగా దీన్నే ఎందుకు తెచ్చారని అడుగుతాను. వారు చెప్పే జవాబులోనే వారి అభిరుచి ఉంటుంది. బీడింగ్, మౌంటు అట్ట (ఫోటోకూ చట్రానికీ మధ్య అంచులా కనిపించే అట్ట), అద్దం, చివరికి గోడకు మేకు కొట్టే ఎత్తు కూడా ఆ జవాబును బట్టే తేలాలి. ఈ వరుస తలకిందులు కావడం వల్ల పుట్టిన అపోహలనే నేను రోజూ వింటున్నాను.

అపోహ: బీడింగ్ ఎంత వెడల్పుగా, ఎంత బంగారు రంగులో మెరిస్తే పటానికి అంత గౌరవం.

ఈ మాట ఎక్కువగా వినిపించేది ఇంట్లో పెద్దవారు పోయినప్పుడు. పెద్దకర్మకు రెండు మూడు రోజుల ముందు కుటుంబసభ్యులు వస్తారు, ఆధార్ కోసమో పింఛను కోసమో తీయించిన పాస్‌పోర్టు ఫోటోను పెద్దది చేయమంటారు, దానికి దుకాణంలోని అన్నిటికంటే వెడల్పైన బంగారు బీడింగ్ వేయమంటారు. ఆ తొందరలో, ఆ దుఃఖంలో వారిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. అయినా ఫోన్లలో ఇంకేమైనా ఫోటోలు ఉన్నాయేమో ఒక్కసారి చూడమని అడుగుతాను. ఒకసారి దేవరకొండ వైపు నుంచి వచ్చిన అన్నదమ్ములు అలా వెతికితే, తండ్రి తలపాగా చుట్టుకుని బత్తాయి తోటలో నవ్వుతూ నిలబడ్డ ఫోటో దొరికింది. దానికి అంగుళం వెడల్పున్న ముదురు గోధుమరంగు టేకు ఫ్రేము సరిపోయింది. మూడు అంగుళాల బంగారు చట్రం వేసి ఉంటే చూపు ముందుగా చట్రం మీద పడేది, ఆయన మీద కాదు.

వెడల్పుకు డబ్బు లెక్క కూడా ఉంది. మూలల దగ్గర బీడింగును 45 డిగ్రీల కోణంలో కోస్తాం కాబట్టి, పటం చుట్టుకొలతకు బీడింగ్ వెడల్పుకు ఎనిమిది రెట్లు అదనంగా కలపాలి. 13 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న పటం చుట్టుకొలత 56 అంగుళాలు. అంగుళం బీడింగ్ అయితే మొత్తం 64 అంగుళాలు పడుతుంది, మూడు అంగుళాలదైతే 80 అంగుళాలు పడుతుంది. వెడల్పైన రకానికి అడుగు ధర ఎటూ ఎక్కువే. ఆ తేడా సొమ్మును మంచి మౌంటుకు, మంచి అద్దానికి పెడితే ఫోటో నాలుగు కాలాలపాటు నిలుస్తుంది.

అలాగని బంగారు రంగును నేను వద్దనడం లేదు. తంజావూరు చిత్రంలో బంగారు రేకు ఉంటుంది కాబట్టి బంగారు అంచు దానికి సహజంగా అమరుతుంది. ఐరోపా రాజభవనాల్లో కొవ్వొత్తుల మసక వెలుతురులో బంగారు చట్రాలు కాంతిని తిప్పికొట్టి చిత్రానికి వెలుగునిచ్చేవి. ట్యూబ్‌లైటు వెలిగే మన గదిలో ఆ అవసరం లేదు.

అపోహ: ఇంట్లోని ఫ్రేములన్నీ ఒకే రకంగా ఉండాలి, లేదా గోడ రంగుకూ సోఫాకూ కలవాలి.

గోడకు కొన్నేళ్లకొకసారి రంగు మారుతుంది, సోఫా కూడా మారుతుంది, కాని ఫోటో అదే ఉంటుంది. అందువల్ల ఫ్రేము రంగును ఫోటోలోంచే తీసుకోవడం మేలు. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలోని స్తంభాలను ఎవరైనా నలుపు తెలుపుల్లో చక్కగా తీసి తెస్తే, సన్నని నల్లటి ఫ్రేము వేసి, చుట్టూ తెలుపుకు దగ్గరగా ఉండే వెడల్పైన మౌంటు పెడతాను. ఆ ఆలయానికి పేరే నీడ వల్ల వచ్చింది కాబట్టి, ఫోటోలోని నీడకంటే ముదురు రంగేదీ చుట్టూ అరవకూడదు. బతుకమ్మ ఫోటోలో తంగేడు పసుపు, గునుగు తెలుపు, బంతి ఎరుపు ఇప్పటికే నిండుగా ఉంటాయి, వాటి పక్కన పూలచెక్కడాల బీడింగ్ వేస్తే కంటికి ఊపిరాడదు. సాదా చెక్క చాలు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి ఊడలను అడ్డంగా పొడవుగా తీసిన ఫోటోను దుకాణంలో దొరికే కొలతకు కుదించి కత్తిరించవద్దు. ఆ మర్రి గొప్పతనం దాని విస్తారంలో ఉంది, కొలత ఇచ్చి ఫ్రేము చేయించుకోండి.

వేర్వేరు ఫ్రేములు ఒకే గోడ మీద పొందికగా కనిపించడానికి వాటి మధ్య ఏదో ఒక్కటి ఉమ్మడిగా ఉంటే చాలు. అది మౌంటు రంగు కావచ్చు, చెక్క రకం కావచ్చు, పటానికీ పటానికీ మధ్య వదిలిన రెండు మూడు అంగుళాల సమానమైన ఖాళీ కావచ్చు. మేకులు కొట్టే ముందు ఫ్రేములన్నిటినీ నేల మీద పరిచి, నచ్చే వరకు మార్చి చూసుకోండి. గృహప్రవేశానికి కానుకలుగా వచ్చిన పటాలన్నీ గోడకెక్కించి తీరాలన్న నియమం కూడా ఏదీ లేదు. మీ పాప గీసిన బొమ్మకు ఆ గోడ మీద వాటికంటే ఎక్కువ హక్కు ఉంది.

అపోహ: చిన్న ఫోటోను పెద్దది చేస్తేనే పటానికి పనికొస్తుంది, మౌంటు అట్ట వృథా ఖర్చు.

ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధపెట్టే అపోహ. స్పష్టంగా అచ్చు కావాలంటే అంగుళానికి దాదాపు 300 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన 1200 × 1600 పిక్సెళ్ల ఫోటో ఆ లెక్కన 4 అంగుళాల వెడల్పు, 5 అంగుళాలకు కాస్త పైచిలుకు ఎత్తుకు మాత్రమే సరిపోతుంది. దూరం నుంచి చూసే పటమైతే అంతకు రెట్టింపు దాకా లాగవచ్చు. అది దాటితే కళ్లు, పెదవులు మసకబారి మనిషి పోలికే మారిపోతుంది. అదే చిన్న ఫోటోను చిన్నగానే ఉంచి, చుట్టూ మూడు నాలుగు అంగుళాల మౌంటు వేస్తే, చూసేవారు దగ్గరికి నడిచివచ్చి చూస్తారు. కింది వైపు అంచును అర అంగుళం ఎక్కువ ఉంచితే ఫోటో కిందికి జారినట్టు అనిపించదు.

మౌంటు అందానికి మాత్రమే కాదు. ఫోటో కాగితం మీద జెలటిన్ పొర ఉంటుంది, చెమ్మ తగిలితే అది ఉబ్బుతుంది. మౌంటు లేకుండా అద్దానికి ఆనించి కట్టిన ఫోటో కొన్ని వర్షాకాలాలు గడిచాక అద్దానికి అతుక్కుపోతుంది. మా తరం పెళ్లి ఫోటోలు ఎన్నో ఇలాగే పాడయ్యాయి. నేను పని నేర్చుకునే రోజుల్లో అలాంటి ఫోటో ఒకదాన్ని అద్దం నుంచి లాగబోయి పెళ్లికూతురి ముఖం దగ్గర పొర ఊడగొట్టాను. ఆ ఇంట్లో ఆమెకున్న ఫోటో అదొక్కటే. అప్పటి నుంచి అతుక్కున్న ఫోటోను విడదీసే ప్రయత్నం చేయడం లేదు, అద్దంతో సహా స్కాన్ చేయించి ప్రతిని కడుతున్నాను. మీరూ ఇంట్లో లాగవద్దు.

మౌంటు అట్టలోనూ రకాలున్నాయి. చవక అట్టలోని ఆమ్లం కాలక్రమంలో ఫోటో అంచుల వెంట గోధుమరంగు గీతను మిగులుస్తుంది. మళ్లీ దొరకని ఫోటోకు ఆమ్లరహిత అట్టనే అడగండి.

అపోహ: అద్దం వేశాక ఎండ వల్ల రంగు పోదు.

మామూలు అద్దం అతినీలలోహిత కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది. కంటికి కనిపించే వెలుతురు కూడా రంగును తింటుంది, ఆ నష్టం రోజురోజుకూ పేరుకుంటుందే తప్ప తగ్గదు. మ్యూజియముల్లో కాగితం మీది చిత్రాలకు, బట్టలకు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) మించని వెలుతురు పెట్టడం పద్ధతి. నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో మన జిల్లాల్లో పడమటి కిటికీ నుంచి వచ్చే ఎండ ఏ గోడ మీద పడుతుందో గమనించి, ఆ గోడకు అద్దమో గడియారమో పెట్టండి, ఫోటో వద్దు. 1970, 80ల నాటి కలర్ ఫోటోల్లో నీలి రంగు ముందుగా వెలిసిపోవడం వల్ల మనుషులంతా ఎర్రగా కనిపిస్తారు. అలాంటి వాటిని స్కాన్ చేయించి, ప్రతిని గోడకు పెట్టి, అసలును చీకటిలో పొడిగా దాచుకోవడం ఉత్తమం.

అతినీలలోహిత కిరణాలను ఆపే అక్రిలిక్ షీటు కూడా ఉంది. బరువులో అది గాజుకు సగంకంటే తక్కువ, పగిలినా పిల్లల మీద పెంకులు పడవు. గీతలు త్వరగా పడటం, పొడిగుడ్డతో తుడిస్తే విద్యుదావేశం పుట్టి దుమ్మును లాక్కోవడం దాని లోపాలు. బొగ్గుతోనో పాస్టెల్‌తోనో గీసిన చిత్రానికి మాత్రం అది పనికిరాదు, ఎందుకంటే ఆ విద్యుదావేశం రంగుపొడిని కూడా లాగేస్తుంది.

అపోహ: బట్టను ఫ్రేము కట్టాలంటే అట్టకు జిగురుతో అతికించాలి.

పుట్టపాక, పోచంపల్లి, గద్వాల, నారాయణపేట నేతలున్న ప్రాంతం మనది. 2016లో జిల్లాలు విడిపోయినా మగ్గం బంధం తెగలేదు. అమ్మమ్మ కట్టిన చీర కొంగును, తాతయ్య భుజాన వేసుకున్న రుమాలును గోడ మీద చూసుకోవాలనుకునేవారు ఈ మధ్య పెరిగారు. దుకాణంలో కొన్న ఏ బొమ్మకంటే కూడా ఇది ఆ ఇంటిదే అయిన అలంకారం. అందుకే ఈ పనిని నేను నిదానంగా చేస్తాను.

జిగురు బట్టలోకి ఇంకి, కొన్నేళ్లకు పసుపు మచ్చగా బయటికి వస్తుంది. దాన్ని తీయడం ఎవరి తరమూ కాదు. చేయవలసిన పద్ధతి వేరు. ఆమ్లరహిత అట్టకు ఉతికి గంజి వదిలించిన తెల్లని నూలుబట్టను చుట్టి, దాని మీద పాతబట్టను పరిచి, సన్నని సూదితో దారాల మధ్య నుంచి దూరదూరంగా కుట్లు వేయాలి. అద్దం బట్టకు తగలకుండా మధ్యలో పావు అంగుళమైనా ఖాళీ ఉంచే పట్టీ పెట్టాలి. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. చెమ్మకు ఈ రెండూ ఒకేలా స్పందించవు కాబట్టి బిగించి లాగకూడదు, కాస్త వదులు ఉండాలి. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన పుట్టపాక తేలియా రుమాలు నూలును నూనెలో నానబెట్టి సిద్ధం చేస్తారు. దాని ఎరుపు, నలుపు, తెలుపులే నిండుగా ఉంటాయి కాబట్టి సాదా నల్లచెక్కకు మించి ఏమీ అక్కరలేదు. చీరను కత్తిరించకండి, కనబడాల్సిన భాగాన్ని ముందుకు ఉంచి మిగతాది వెనక్కి మడిచి కుట్టవచ్చు, రేపు మనవరాలు అడిగితే విప్పి ఇవ్వవచ్చు.

అపోహ: లామినేషన్ చేయిస్తే ఇక శాశ్వతం.

ప్రతికి లామినేషన్ చేయించుకోండి, అసలుకు వద్దు. వేడితో అంటుకున్న ఆ పొర మళ్లీ ఊడి రాదు.

అపోహ: పటాన్ని వీలైనంత పైన పెట్టాలి.

పాత ఇళ్లలో దర్వాజ పైన, పటాన్ని కాస్త ముందుకు వంచి పెట్టేవారు. కింద చాప మీద కూర్చున్నవారికి అది చక్కగా కనిపించేది, అద్దం మీద వెలుతురు మెరిసేది కాదు. అంటే ఆనాటి ఎత్తుకు ఆనాటి కారణం ఉంది. ఇప్పుడు నిలబడి చూసే గోడకు పటం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో ఉంటే కంటికి హాయి. ఫ్రేము ఎత్తు 24 అంగుళాలు, వెనుక తీగను పైకి లాగితే అది పై అంచుకు 3 అంగుళాల కిందికి వస్తుంది అనుకుంటే, మధ్యభాగం ఎత్తు 58కి ఫ్రేము ఎత్తులో సగం, అంటే 12 కలిపి 3 తీసివేయాలి, మేకు 67 అంగుళాల దగ్గర కొట్టాలి. భోజనాల బల్ల దగ్గర, కూర్చుని మాట్లాడుకునే గదిలో ఇంకాస్త దించవచ్చు. పెద్దల ఫోటో ఏ దిక్కు గోడకు ఉండాలన్నది మీ ఇంటి ఆచారం, అందులో నేను జోక్యం చేసుకోను. ఆ గోడకు అవతల స్నానాలగది ఉందా అని మాత్రం అడుగుతాను. ఉంటే, ఫ్రేము వెనుక కింది మూలలకు చిన్న బిరడా ముక్కలు అతికించి గాలి ఆడేలా చేస్తాను. కొత్త ఇంటి గోడలు పూర్తిగా ఆరేదాకా ఆగడం మంచిది.

అపోహ: ఒకసారి కట్టిన పటాన్ని మళ్లీ విప్పే పని ఉండదు.

వెనుక అతికించిన కాగితం చిరిగిందంటే వెండిరంగు పురుగులకు దారి దొరికినట్టే, మేకు దగ్గర మట్టిగీత కనిపిస్తే చెదలు మొదలైనట్టే. ఏడాదికోసారి, దసరాకు ఇల్లు దులిపేటప్పుడు, పటాలను దించి వెనుక వైపు చూడండి. అద్దం మీద నేరుగా నీళ్లు చల్లవద్దు, కింది అంచు నుంచి లోపలికి పాకి కాగితానికి మరక పడుతుంది. గుడ్డను తడిపి పిండి తుడవండి. దేవుడి పటాలకు గంధం, కుంకుమ పెట్టేవారు ఈ జాగ్రత్తను మరీ గుర్తుంచుకోవాలి.

విప్పినప్పుడు ఇంకొక పని కూడా చేయండి. ఫోటోలో ఎవరున్నారో, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో తీశారో తెలిసినవారు ఇంట్లో ఉండగానే రాయించండి. ఫోటో వెనుక బాల్ పెన్ను వాడవద్దు, నొక్కిన గీత ముందు వైపు తేలుతుంది, సిరా కూడా ఇంకుతుంది. మెత్తని పెన్సిల్‌తో, ఫ్రేము వెనుక అట్ట లోపలి వైపున రాస్తే చాలు.