చిన్న తుపాకీ, చేతికి లొంగే తూటా

చీమకుర్తి గ్రానైట్ క్వారీ యజమాని గానీ, నెల్లూరు బంగారు వర్తకుడు గానీ ఆత్మరక్షణకు ఆయుధ లైసెన్సు పొందినప్పుడు, ముందుగా అడిగేది ఏ బోరు (తుపాకీ గొట్టం లోపలి వ్యాసం) శక్తిమంతమైనదనే. దీనికి సగం జవాబు చట్టమే ఇస్తుంది. 9 మిల్లీమీటర్ల పిస్తోలు మన దేశంలో పౌరులకు నిషిద్ధ బోరు కనుక, ఎంపిక ప్రధానంగా .32, .22 బోర్లకు పరిమితమవుతుంది. .32లోనూ రెండు రకాల తూటాలున్నాయి. ఇషాపూర్‌లో తయారయ్యే అశని పిస్తోలుకు .32 ఏసీపీ తూటా, కాన్పూర్‌లో తయారయ్యే నిర్భీక్ రివాల్వర్‌కు .32 ఎస్ అండ్ డబ్ల్యూ లాంగ్ తూటా వాడాలి. అంకె ఒకటే అయినా ఒకదానికి బదులు మరొకటి వాడరాదు.

9 మిల్లీమీటర్లు దొరకలేదని చింతించేవారు ఒక చిన్న లెక్క చూడాలి. సుమారు 8 గ్రాముల 9 మిల్లీమీటర్ల గుండు సెకనుకు 350 మీటర్ల వేగంతో వెళితే దాని గతిశక్తి 490 జౌల్స్, 6.35 గ్రాముల .32 లాంగ్ గుండు 215 మీటర్ల వేగంతో వెళితే దాదాపు 147 జౌల్సే. అయితే గుండు ముందుకు పొందిన ద్రవ్యవేగమే (బరువును వేగంతో గుణిస్తే వచ్చేది) తుపాకీకి వెనక్కి అందుతుంది. తుపాకీ బరువు 700 గ్రాములనుకుని, తుపాకీ మందు వాయువుల వాటాను పక్కనబెడితే, 9 మిల్లీమీటర్ల తుపాకీ సెకనుకు 4 మీటర్ల వేగంతో, .32 తుపాకీ 2 మీటర్ల లోపు వేగంతో వెనక్కి తన్నుతాయి. వేగం రెట్టింపైతే ఆ తాకిడి శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి, అప్పుడప్పుడు మాత్రమే సాధన చేసే మనిషి రెండో గుండును గురిమీద పెట్టగలిగేది .32తోనే. తేలికపాటి తుపాకీ మోయడానికి సుఖమే గానీ తన్నుడు పెంచుతుంది. 500 గ్రాముల నిర్భీక్ కొనేవారు దీన్ని దృష్టిలో ఉంచుకోవాలి.

తూటా తగిలితే మనిషి ఎగిరి వెనక్కి పడతాడనే నమ్మకం కూడా ఈ లెక్క ముందు నిలవదు. ఆ 9 మిల్లీమీటర్ల గుండుకున్న ద్రవ్యవేగం, గంటకు 63 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికున్నంతే. చేతి తుపాకీ గుండు ప్రధానంగా తాను చీల్చుకుపోయిన దారిలోని కణజాలాన్నే దెబ్బతీస్తుంది. అందుకే 1986లో మయామీలో దోపిడీదారులతో జరిగిన కాల్పుల తర్వాత అమెరికా ఎఫ్‌బీఐ శక్తి అంకెలను వదిలి, కండరానికి బదులుగా వాడే జెలటిన్ దిమ్మెలో గుండు కనీసం 12 అంగుళాలు దిగాలన్న కొలమానం పెట్టుకుంది. మరీ లోతుగా దూసుకుపోయే గుండు ట్రంకురోడ్డు వంటి రద్దీ చోట వెనకనున్నవారికి ప్రాణాంతకమని మరువరాదు.

పొట్టి తుపాకీకి మరో లోపముంది. గురి చూసే ముందు, వెనక గుర్తుల (సైట్ల) మధ్య 10 సెంటీమీటర్లే ఉంటే, అక్కడ జరిగిన ఒక్క మిల్లీమీటరు తప్పు పది మీటర్ల దూరంలో 10 సెంటీమీటర్ల తప్పవుతుంది. గుర్తుల మధ్య దూరం 15 సెంటీమీటర్లయితే తప్పు 7 సెంటీమీటర్ల లోపే. కనుక అత్యంత చిన్నదానికన్నా, మూడు వేళ్లూ పిడిమీద పూర్తిగా పట్టే తుపాకీనే ఎంచుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

తీరప్రాంతంలో తుప్పు బోరంత ముఖ్యమైన విషయం. ఉప్పుగాలిలోనూ చెమటలోనూ ఉండే క్లోరైడు ఉక్కుపై రక్షణ పూతను సన్నని గుంటలుగా తినేస్తుంది. తోలు ఒర ఆ తేమను పట్టి ఉంచుతుంది కనుక తుపాకీని రాత్రి ఒరలో వదలకుండా తీసి తుడిచి, పల్చగా నూనె రాయాలి. ఆ నూనె తూటాల అడుగున మందును అంటించే క్యాపులోకి దిగితే మందు పేలకపోవచ్చు. కాబట్టి తూటాలను పొడిగుడ్డతోనే తుడిచి, నెలల తరబడి నడుమున మోసినవాటిని అనుమతి ఉన్న శిక్షణ రేంజిలో కాల్చేసి, కొత్తవి నింపుకోవాలి.