బెంగళూరులో గుండె డాక్టర్‌ని ఎంచుకోవడం: అపోహలు, వాస్తవాలు

హిందూపురం నుంచో మదనపల్లె నుంచో తెల్లవారుజాము బస్సెక్కి బెంగళూరు వచ్చేవాళ్ల చేతిలో రిపోర్టుల కవరు, నోట్లో ఒక డాక్టరు పేరు ఉంటాయి. ఇక్కడే స్థిరపడిన మారతహళ్లి, కె.ఆర్.పురం తెలుగువాళ్ల సంగతీ అంతే. ఆ పేరు మంచిదే కావచ్చు. మీ జబ్బుకు సరిపోతుందా లేదా అన్నది వేరే మాట.

అపోహ: పెద్ద పేరున్న డాక్టరైతే గుండెకు సంబంధించినదంతా ఆయనే చూసుకుంటారు.

వాస్తవం: ఇంట్లో లాగే గుండెలోనూ కరెంటు పని వేరు, పైపుల పని వేరు. నడిస్తే ఛాతీ పట్టేయడం, రక్తనాళాల్లో పూడిక పైపుల పని. దానికి స్టెంట్లు వేసే ఇంటర్వెన్షనల్ కార్డియాలజిస్టు ఉంటారు. ఉన్నట్టుండి దడ మొదలై ఉన్నట్టుండి ఆగిపోవడం, స్పృహ తప్పి పడిపోవడం కరెంటు తేడా కావచ్చు. అది ఎలక్ట్రోఫిజియాలజిస్టు చూడాలి. మామూలు పేస్‌మేకర్ చాలామంది కార్డియాలజిస్టులు పెడతారు గానీ, దడ పుట్టే చోటును కాల్చే అబ్లేషన్‌కు ఎలక్ట్రోఫిజియాలజిస్టే కావాలి. బైపాస్ ఆపరేషన్ గుండె సర్జన్ చేసే పని. పుట్టుకతో గుండెలో రంధ్రమున్న బిడ్డను పిల్లల గుండె నిపుణుల దగ్గరికే తీసుకెళ్లాలి. ఉత్త బీపీ, కొలెస్ట్రాల్ అయితే మీ ఊళ్లోని ఎండీ ఫిజీషియన్ చాలు, బస్సు ఖర్చు దండగ.

అపోహ: పేరు పక్కన ఎన్ని అక్షరాలుంటే అంత గొప్ప.

వాస్తవం: వెతకాల్సింది ఒక్కటే. కార్డియాలజిస్టుకు ఎండీ తర్వాత మూడేళ్ల డీఎం కార్డియాలజీ, లేదా డీఎన్‌బీ (ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు). సర్జన్‌కైతే ఎంసీహెచ్. ఎఫ్‌ఏసీసీ లాంటివి సంఘాలిచ్చే గౌరవ సభ్యత్వాలు, చదువు కాదు. ఎంబీబీఎస్ అయ్యాక రెండేళ్లు చేసే క్లినికల్ కార్డియాలజీ డిప్లొమా డీఎంతో సమానం కాదు. బోర్డు మీద 'హృద్రోగ నిపుణులు' అని ఉన్నా డిగ్రీ అడగడంలో తప్పులేదు. ప్రిస్క్రిప్షన్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని నేషనల్ మెడికల్ కమిషన్ రిజిస్టర్‌లోనో, కర్ణాటక మెడికల్ కౌన్సిల్ దగ్గరో సరిచూసుకోవచ్చు. కొత్త డిగ్రీ అక్కడ ఎక్కడం ఆలస్యం కావచ్చు. కనబడలేదని వెంటనే దొంగ డాక్టరని తేల్చేయకండి.

అపోహ: యాంజియోగ్రామ్‌లో బ్లాకు కనబడితే అప్పుడే స్టెంటు వేయించుకోవాలి. ఇంకొకరిని అడిగితే డాక్టరుకు కోపం.

వాస్తవం: ఇక్కడ రెండు పరిస్థితులను కలిపేస్తున్నారు. గుండెపోటు నడుస్తుంటే స్టెంటు ప్రాణం నిలబెడుతుంది, అప్పుడు ఇంకొకరి అభిప్రాయం కోసం ఆగకూడదు. నడిస్తే నొప్పి, నిలబడితే తగ్గుదల అని నెలల తరబడి ఒకేలా ఉన్న జబ్బు సంగతి వేరు. 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మందిని చూశారు. మందులతో పాటు ముందే స్టెంటో బైపాసో చేసినందువల్ల మరణాలు గానీ, మొత్తమ్మీద గుండెపోట్లు గానీ తగ్గలేదు. తరచుగా నొప్పి వచ్చేవాళ్లకు మాత్రం నొప్పి బాగా తగ్గింది. ఎడమ ప్రధాన నాళంలో పూడిక ఉన్నవాళ్లను, గుండె పంపింగ్ బాగా పడిపోయినవాళ్లను అందులో చేర్చలేదు, కాబట్టి వాళ్లకు ఈ లెక్క వర్తించదు.

అందుకే డాక్టర్‌ని అడగాల్సిన మొదటి మాట: "ఈ స్టెంటు ప్రాణం కోసమా, నొప్పి కోసమా?" బ్లాకు 50, 60 శాతం దగ్గర ఊగుతుంటే రెండో మాట: "ఎఫ్‌ఎఫ్‌ఆర్ చూశారా?" నాళంలోకి సన్నటి తీగ పంపి ఒత్తిడి కొలిచే పరీక్ష అది. 0.80 లేదా అంతకంటే తక్కువ వస్తే రక్తం నిజంగానే అందడం లేదని అర్థం. షుగరుండి మూడు నాళాల్లోనూ పూడిక ఉంటే, స్టెంటు వేసేవారితో పాటు సర్జన్ కూడా యాంజియోగ్రామ్ ఫిల్ము చూడాలి. అలాంటివాళ్లలో చాలామందికి బైపాసే మేలు.

చిక్కు ఎక్కడొస్తుందంటే, రోగి టేబుల్ మీద ఉండగానే ఇంటివాళ్లను పిలిచి "వేసేయమంటారా?" అని అడుగుతారు. ఆ కంగారులో ఎవరైనా తలూపుతారు. అందుకే ముందురోజే మాట్లాడుకోండి. అత్యవసరం కాకపోతే యాంజియోగ్రామ్ సీడీ తీసుకుని ఇంటికి రావచ్చు. కాగితం రిపోర్టు చాలదు, సీడీయే కావాలి. ఒకరు 60 అన్న బ్లాకును ఇంకొకరు 80 అనవచ్చు, బొమ్మ చూస్తేనే తేలుతుంది. దానితో పాటు ఎకో (గుండె స్కాన్), క్రియాటినిన్ (కిడ్నీల రక్తపరీక్ష) రిపోర్టులు పెట్టండి. మంచి డాక్టరెవరూ దీనికి కోపగించుకోరు.

స్టెంట్ల ధరకు 2017 ఫిబ్రవరిలో కేంద్రం పరిమితి పెట్టింది. మందుపూత స్టెంటుకు అప్పట్లో 29,600 రూపాయలు, తర్వాత సవరిస్తూ వస్తున్నారు. బిల్లులో స్టెంటు పేరు, బ్యాచ్ నంబరు, ధర విడిగా రాయాలి. రాయకపోతే రాయమనండి.

అపోహ: గుండెపోటొస్తే మనకు తెలిసిన డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

వాస్తవం: వైట్‌ఫీల్డ్ నుంచి జయనగర్‌కు సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో వెళ్లేసరికి గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. ఆ పూట ఎంచుకోవాల్సింది డాక్టర్‌ని కాదు, 24 గంటలూ క్యాథ్‌ల్యాబ్ (యాంజియోగ్రామ్ తీసి స్టెంటు వేసే గది) నడిచే దగ్గరి ఆసుపత్రిని. ఆసుపత్రిలో అడుగుపెట్టిన పది నిమిషాల్లో ఈసీజీ, 90 నిమిషాల్లో నాళం తెరవడం లక్ష్యం. ఈ రోజే మీ ఇంటి చుట్టుపక్కల రెండు ఆసుపత్రులకు ఫోన్ చేసి, రాత్రి రెండు గంటలకు కూడా యాంజియోప్లాస్టీ (నాళం తెరిచి స్టెంటు వేయడం) చేస్తారా అని అడిగి రాసిపెట్టుకోండి. క్యాథ్‌ల్యాబ్ చేరడానికి రెండు గంటలు దాటేలా ఉంటే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ దగ్గర్లో ఎక్కడ ఇస్తే అక్కడే వేయించుకోవాలి. మొదటి ఈసీజీ నార్మల్ అన్నారని ఇంటికి రాకండి. నొప్పి ఉంటే మళ్లీ ఈసీజీ తీయాలి, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష చూడాలి.

అపోహ: డబ్బు పోయకపోతే మంచి వైద్యం దొరకదు.

వాస్తవం: బెంగళూరులోని జయదేవ గుండె ఆసుపత్రి ప్రభుత్వ సంస్థే. వైట్‌ఫీల్డ్‌లోని సత్యసాయి ఆసుపత్రిలో ఆపరేషన్‌కు కూడా డబ్బు తీసుకోరు. వరుస పొడుగు, ఓపిక కావాలి, అంతే. ఆంధ్ర ఆరోగ్య కార్డు ఉంటే ఆ ఆసుపత్రీ, ఆ చికిత్సా రెండూ జాబితాలో ఉన్నాయో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.

అపోహ: డాక్టరుకు తెలుగు రాకపోయినా ఏం, పిల్లలు చెప్తారుగా.

వాస్తవం: అమ్మ "గుండెల్లో పట్టేసినట్టుంది" అంటే కొడుకు 'గ్యాస్ పెయిన్' అంటాడు. దారి అక్కడే తప్పుతుంది. అర్థం చెప్పకండి, ఆమె మాటనే చెప్పండి: ఎక్కడ, ఎన్ని నిమిషాలు, మెట్లెక్కితే వస్తుందా, చెమట పడుతుందా.

అపోహ: స్టెంటు పడ్డాక బెంగళూరు డాక్టరుతో పని అయిపోయింది.

వాస్తవం: స్టెంటు తర్వాత ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లాంటి రెండో మాత్ర, గుండెపోటైతే మామూలుగా ఏడాది వాడాలి. ఊళ్లో పన్ను పీకించుకోవడానికి పళ్ల డాక్టరు ఆపమంటే, ఆపే ముందు స్టెంటు వేసినవారికి ఫోన్ చేయండి. తొందరపడి ఆపితే స్టెంటులో గడ్డ కట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు. ఆ నంబరు డిశ్చార్జి కాగితం మీద లేకపోతే, బిల్లు కట్టేలోపే అడిగి రాయించుకోండి.