ఆగస్టులో ఊరొచ్చే కార్లు: రొమేనియా వలస ఓటు గొడవ ఎక్కడ మొదలైంది?

2025 ఆగస్టులో నడ్లాక్ దగ్గర క్యూ లేదు. హంగరీ దాటి రొమేనియాలోకి వచ్చే ఈ సరిహద్దు దగ్గర అంతకుముందు ప్రతి ఆగస్టులోనూ ఇటలీ, స్పెయిన్, జర్మనీ నంబరు ప్లేట్ల కార్లు గంటల తరబడి ఎండలో నిలబడేవి. వెనక సీట్లో పిల్లల పేచీలు, డిక్కీలో కాఫీ పొట్లాలు, ఆలివ్ నూనె డబ్బాలు, బట్టలుతికే పొడి. 2025 జనవరి 1 నుంచి రొమేనియా రోడ్డు సరిహద్దులు కూడా యూరప్ దేశాల మధ్య తనిఖీల్లేని షెంజెన్ మండలంలో కలిసిపోయాయి. అంటే గేటు దగ్గర ఆగి కాగితాలు చూపించే బాధ తప్పిన మొదటి వేసవి అదే.

క్యూ పోయింది కానీ గొడవ పోలేదు. 2025 మే 18న జరిగిన అధ్యక్ష ఎన్నికల రెండో రౌండులో దేశం మొత్తం మీద, అప్పటికి రాజధాని బుకారెస్ట్ మేయరుగా ఉన్న నికుషోర్ డాన్ 53.6 శాతంతో గెలిచారు. విదేశాల్లో ఉన్న రొమేనియన్లలో మాత్రం దాదాపు 56 శాతం మంది ఓడిపోయిన జాతీయవాద నాయకుడు జార్జ్ సిమియోన్‌కే వేశారు. బయటి నుంచి పడ్డ ఓట్లు మొత్తం 16 లక్షల పైచిలుకు. ఆగస్టులో ఆ కుటుంబాలే రెండు మూడు వారాల సెలవు మీద ఇంటికొచ్చాయి. నలుగురు భోజనానికి కూర్చుంటే చాలు, మాట అక్కడికే వచ్చేది: ఇక్కడ ఉండని వాళ్లకి ఇక్కడి ప్రభుత్వాన్ని ఎన్నుకునే హక్కేంటని.

కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కాలంలో పాస్‌పోర్టు పోలీసుల దగ్గరే ఉండేది, 1989లో ఆయన పోయాక తలుపులు తెరుచుకున్నాయి. ఇది అందరికీ తెలిసిన కథే కాబట్టి వదిలేద్దాం. చాలామంది అసలు మలుపు 2007 అంటారు, రొమేనియా యూరోపియన్ యూనియన్‌లో చేరిన ఏడాది. నాకైతే అంతకంటే ఐదేళ్ల ముందటి తేదీ ముఖ్యం అనిపిస్తుంది. 2002 జనవరి 1. ఆ రోజు నుంచి షెంజెన్ దేశాలకి వెళ్లడానికి రొమేనియన్లకి వీసా అక్కర్లేకపోయింది. అయితే ఒక మెలిక ఉంది: ఆరు నెలల్లో 90 రోజులకు మించి ఉండకూడదు, పని చేయకూడదు. టూరిస్టుగా వెళ్లి టూరిస్టుగా రావాలి.

టూరిస్టు అని రుజువు చూపించమని సరిహద్దులో రొమేనియా అధికారులే అడిగేవారు. తిరుగు టికెట్, ఆరోగ్య బీమా, చేతిలో కనీసం 500 యూరోలు. బస్సులో ఉన్న సగం మంది దగ్గర అంత డబ్బు ఉండేది కాదు. ఒకరు చూపించిన నోట్లే చేబదులుగా పక్కవాళ్ల చేతికి వెళ్లేవి. సరిహద్దు దాటాక లెక్క సరిచూసుకుని వెనక్కి ఇచ్చుకునేవారు. 90 రోజులు దాటి ఉండిపోయినవాళ్లకి తిరిగొచ్చాక పాస్‌పోర్టు మీద ఆంక్ష పడేది. కొందరికి ఏళ్ల తరబడి బయటికి వెళ్లే దారే మూసుకుపోయేది.

ఈ 90 రోజుల నిబంధన మనుషుల్ని ఎలా మలిచిందో చూడండి. ఇటలీలో ముసలివాళ్లని చూసుకునే పనికి వెళ్లిన ఆడవాళ్లని అక్కడ 'బాదాంతె' అంటారు. మూడు నెలలు అక్క చేస్తుంది. గడువు దగ్గర పడగానే బస్సెక్కి వచ్చేస్తుంది, అదే ఇంట్లో అదే మంచం పక్కన చెల్లెలో వదినో చేరుతుంది. ఒక ఉద్యోగం, ఇద్దరు మనుషులు, మధ్యలో రెండు వేల కిలోమీటర్ల బస్సు ప్రయాణం. స్పెయిన్ దక్షిణాన హుయెల్వా వైపు స్ట్రాబెర్రీ తోటలకి కాంట్రాక్టు మీద వెళ్లినవాళ్లదీ ఇంచుమించు ఇదే పద్ధతి, కోతల కాలం అవగానే వెనక్కి. ఇలా తిరిగేవాళ్లు అక్కడ ఇల్లు తీసుకోలేదు, పిల్లల్ని బడిలో వేయలేదు. తీసుకోవడానికి వీల్లేదు కూడా. పిల్లలు అమ్మమ్మ దగ్గర, సంపాదన సొంతూళ్లో కట్టే ఇంటి మీద.

కాబట్టి మొదటి నుంచీ వాళ్లు వెళ్లిపోయినవాళ్లు కాదు, వెళ్లి వచ్చేవాళ్లు. చట్టమే అలా నేర్పింది. 2007 తర్వాత ఉండిపోవడానికి దారి దొరికింది, 2014 జనవరి 1కల్లా బ్రిటన్, జర్మనీ లాంటి దేశాల్లో పని మీద మిగిలిన ఆంక్షలూ పోయాయి. అయినా ఆ అలవాటు పోలేదు. మూడు నెలలకోసారి రావడం ఏడాదికోసారి రావడం అయింది, అంతే. ఆగస్టు రాక అలా మిగిలింది.

ఆ అలవాటుని ఇటుకల్లో చూడాలంటే ఉత్తరాన ఒవాష్ ప్రాంతానికి వెళ్లాలి. చెర్టేజె అనే ఊళ్లో రోడ్డుకి రెండు వైపులా మూడంతస్తుల ఇళ్లు, అద్దాల బాల్కనీలు, పాలరాతి మెట్లు. ఫ్రాన్స్‌లోనూ మరోచోటా కూలి చేసి కట్టినవి. ఏడాదిలో పదకొండు నెలలు తాళం. ఆగస్టులో మాత్రం పెళ్లిళ్లు వరసపెట్టి జరుగుతాయి, ఎందుకంటే అందరూ ఊళ్లో ఉండేది అప్పుడే. ఇంత ఆర్భాటం లేకపోయినా దేశానికి తూర్పున ఉన్న మోల్డావియా ప్రాంతపు పల్లెల్లోనూ ఇదే ఏర్పాటు. పెద్ద ఇంట్లో సోఫాల మీద ప్లాస్టిక్ కవర్ కూడా తీయరు. ముసలామె ఉండేది పెరట్లో 'వేసవి వంటిల్లు' అని పిలిచే చిన్న గదిలో. పొయ్యి, మంచం, రేడియో అన్నీ అందులోనే. చలికాలంలో పెద్ద ఇల్లు వెచ్చబెట్టడానికి అయ్యే కట్టెల ఖర్చు ఆమెకి దండగ.

ఈ ఇళ్లని చూసి బుకారెస్ట్ పత్రికలు చాలాకాలం నవ్వుకున్నాయి. 'కప్షునార్' అనే మాట అప్పుడే తిట్టుగా మారింది. దానర్థం స్ట్రాబెర్రీలు ఏరేవాడు, అంతకు మించి ఏమీ లేదు. ఇటలీ నుంచి వచ్చినవాళ్లని 'స్ట్రానియేరి' అనేవారు, ఇటాలియన్‌లో పరదేశీయులు అని. సొంతూళ్లో పరదేశీ అనిపించుకోవడం ఎలా ఉంటుందో నిజామాబాద్, జగిత్యాల గల్ఫ్ కుటుంబాలకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక ఓటు సంగతి. మన ఎన్నారైలకి ఓటరుగా నమోదయ్యే వీలు 2011 నుంచీ ఉన్నా, విమానం ఎక్కి వచ్చి సొంతూరి బూత్‌లోనే వేయాలి. రొమేనియా అలా కాదు, విదేశాల్లోనే పోలింగ్ కేంద్రాలు పెడుతుంది. దాని బలం మొదటిసారి తెలిసింది 2009 డిసెంబరు అధ్యక్ష ఎన్నికలో. పోలింగ్ రోజు రాత్రి సోషల్ డెమోక్రాట్ అభ్యర్థి మిర్చా జోవానా తానే అధ్యక్షుణ్నని టీవీల ముందు సంబరం చేసుకున్నారు. తెల్లారేసరికి అప్పటి అధ్యక్షుడు ట్రయాన్ బసెస్కునే మళ్లీ గెలిచారు, తేడా సుమారు 70,000 ఓట్లు. బయటి దేశాల్లో బసెస్కుకి వచ్చిన ఆధిక్యమే అంతకంటే ఎక్కువ. జోవానాకి ఓడిన సంగతి ఒక రాత్రి ఆలస్యంగా తెలిసింది, పార్టీలకి వలసవాళ్లు ఉన్నారన్న సంగతి మాత్రం ఆ రాత్రే తెలిసింది.

2014 నవంబరు అధ్యక్ష ఎన్నికలో ఆ తెలివిడి అడ్డదారి పట్టింది. పారిస్, లండన్, మ్యూనిక్, టూరిన్‌లలో జనం రోజంతా వరసలో నిలబడినా పోలింగ్ కేంద్రాలు పెంచలేదు. చాలామంది ఇంకా ఓటు వేయకముందే కేంద్రాల తలుపులు మూసేశారు. ఇది చేతకానితనమా, కావాలని చేసిందా అన్న వాదన ఇప్పటికీ ఉంది, రెండు వారాల్లో ఇద్దరు విదేశాంగ మంత్రులు రాజీనామా చేశారన్నది మాత్రం వాస్తవం. ఆ వరసల్ని టీవీలో చూసిన ఊళ్లలోని అమ్మానాన్నలు కోపంతో వెళ్లి ఓటేశారని, మొదటి రౌండులో ముందున్న అప్పటి ప్రధాని విక్టర్ పోంటా ఓడి క్లాస్ యోహానిస్ గెలవడానికి అదొక కారణమని అప్పట్లో అందరూ రాశారు. బయటి ఓట్లలో దాదాపు 90 శాతం యోహానిస్‌వే. అప్పుడు బుకారెస్ట్ మేధావులకి వలసవాళ్లు దేశాన్ని కాపాడిన వీరులు. ఇక్కడున్నవాళ్లకే ఓటు అన్న మాట వాళ్లలో ఒక్కరి నోట కూడా నేను వినలేదు.

ఆగస్టుకి, రాజకీయానికి ముడి పడింది 2018లో. ఆ వేసవిలో స్వీడన్‌లో పనిచేసే ఒకాయన పాలక సోషల్ డెమోక్రాట్ పార్టీని బూతు తిట్టే అక్షరాలున్న నంబరు ప్లేటుతో కారు వేసుకుని స్వదేశం వచ్చాడు. ప్లేటు స్వీడన్‌లో చట్టప్రకారం ఇచ్చిందే. ఇక్కడి పోలీసులు దాన్ని ఊడదీసుకున్నారు, దేశమంతా పగలబడి నవ్వింది. ఆగస్టు 10న బుకారెస్ట్ విక్టరీ స్క్వేర్‌లో నిరసన పిలుపు వచ్చింది. ఆ తేదీ కాకతాళీయం కాదు, వలసవాళ్లు దేశంలో ఉండేది అప్పుడే. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని, ఫ్రాన్స్, ఇటలీ, స్పెయిన్ జెండాలు పట్టుకుని వేలకొద్దీ కుటుంబాలు వచ్చాయి. రాత్రి గుంపుల్ని అదుపు చేసే జాందార్మ్ పోలీసు దళం బాష్పవాయువు, నీటి ఫిరంగులతో స్క్వేర్ ఖాళీ చేయించింది. 450 మందికి పైగా వైద్యం అవసరమైంది. గుంపులో అల్లరి మూకలు చొరబడ్డాయన్నది ప్రభుత్వం మాట. గాజు సీసాలు విసిరినవాళ్లు ఉన్నమాటా నిజమే. కళ్లలో గ్యాస్ పడి మెట్రో మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లు అల్లరి మూక ఎలా అయ్యారో మాత్రం ఎవరూ చెప్పలేదు. సెలవుకి ఇంటికొచ్చి దెబ్బలు తిని వెళ్లాం అన్న మాట ఇటలీ, స్పెయిన్ దాకా వాళ్లతోనే వెళ్లింది.

ఆ తర్వాత 2020. కరోనా మొదలైన మార్చిలో అధ్యక్షుడు యోహానిస్, అంటే 2014లో ఈ వలస ఓట్లతో గెలిచిన మనిషే, ఈస్టర్‌కి ఇంటికి రావొద్దని వాళ్లని కోరారు. వైద్యపరంగా అందులో తప్పు పట్టాల్సింది లేదు. కానీ ఆ వారాల్లో ఇటలీ ప్లేటున్న కారు కనిపిస్తే ఊళ్లో తలుపులు వేసుకున్నారు. నెల తిరక్కుండానే ఏప్రిల్‌లో జర్మనీ ఆస్పరాగస్ తోటలకి కూలీలు కావాల్సి వచ్చింది. దేశమంతా ఇంట్లో కూర్చోమని ఆంక్షలున్న సమయంలో, క్లూజ్ విమానాశ్రయం బయట దాదాపు రెండు వేల మంది ఒకరినొకరు ఆనుకుని విమానాల కోసం ఎదురుచూశారు. రావడానికి ప్రమాదకరమైన మనుషులు పోవడానికి పనికొచ్చారు.

వలసవాళ్ల ఓటు తిరగబడింది ఆ తర్వాతే. ఇది యాదృచ్ఛికమని నేననుకోను. 2024 నవంబరు అధ్యక్ష ఎన్నికలో ఎవరూ లెక్కలోకి తీసుకోని తీవ్ర జాతీయవాది కెలిన్ జార్జెస్కు మొదటి రౌండులో ముందు నిలిచారు. విదేశాల్లో ఆయనకి 43 శాతం వచ్చింది. టిక్‌టాక్ ప్రచారంలో బయటి జోక్యం ఉందన్న నిఘా నివేదికల తర్వాత డిసెంబరు 6న రాజ్యాంగ న్యాయస్థానం ఎన్నికనే రద్దు చేసింది; మొదట్లో చెప్పిన 2025 మే ఎన్నిక దాని బదులు పెట్టిందే. తీర్పు మంచిచెడ్డలు పక్కన పెడితే, అది వచ్చిన వేళ గమనించాలి: విదేశాల్లో పోలింగ్ మూడు రోజులు జరుగుతుంది కాబట్టి రెండో రౌండు ఓటింగ్ అక్కడ అప్పటికే మొదలైంది. వేలమంది ఓటు వేసి బయటికొచ్చి, వేసిన ఓటు చెల్లదన్న కబురు ఫోన్‌లో చదువుకున్నారు.

బుకారెస్ట్ వాదన ఏంటంటే, ఆసుపత్రి బాగోకపోతే ఇబ్బంది పడేది ఇక్కడున్నవాళ్లు, పన్ను కట్టేదీ వాళ్లే, కాబట్టి ఫలితం అనుభవించేవాళ్లే నిర్ణయించాలి. కొట్టిపారేసే మాట కాదు. కాకపోతే 2025 ఆగస్టు 1 నుంచి వ్యాట్ 19 నుంచి 21 శాతానికి పెరిగింది. సిమెంటు, టైల్స్, పెళ్లి విందు, పెట్రోలు అన్నీ ఆగస్టులోనే కొనేది ఎవరో ఊళ్లో దుకాణదారుని అడగండి. పార్లమెంటులో వీళ్లందరికీ కలిపి ఉన్నవి నాలుగు దిగువసభ సీట్లు, రెండు సెనేట్ సీట్లు. 2002 లెక్కల్లో రొమేనియా జనాభా 2.17 కోట్లు, 2021లో 1.9 కోట్లు. ఖాళీ అయిన పనులకి 2025లో లక్ష మంది దాకా నేపాల్, శ్రీలంక, భారత్ లాంటి దేశాల నుంచి తెచ్చుకునేందుకు కోటా పెట్టుకున్నారు.

అమ్మమ్మల దగ్గర పెరిగిన పిల్లల సంగతి ఈ ఓట్ల వాదనలో ఎక్కడా వినపడదు. తల్లిదండ్రులు పనికి వెళ్లే ముందు 40 రోజుల ముందుగా స్థానిక సంక్షేమ కార్యాలయానికి చెప్పాలన్న నిబంధన చట్టంలో చేరడానికి 2013 దాకా పట్టింది. అప్పటికి మొదటి తరం పిల్లలు పెద్దవాళ్లయిపోయారు. 2003లో ఆరేళ్లున్న పిల్ల 2025కల్లా 28 ఏళ్ల మనిషి. తనే ఇప్పుడు జర్మనీలోనో ఇంగ్లండ్‌లోనో పని చేస్తూ, తన పిల్లల్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని ఆగస్టులో వస్తోంది. ఆ పిల్లలకి ముత్తవ్వ మాటలు సగమే అర్థమవుతాయి.

ఆగస్టు 15 మేరీమాత పండగ అయ్యాక కార్లు ఒక్కొక్కటే కదులుతాయి. డిక్కీలో కాఫీ పొట్లాలున్న చోట ఇప్పుడు వంకాయ, మిరప పచ్చడి జకుస్క సీసాలు, గుడ్డలో చుట్టిన జున్ను, నీళ్ల సీసాలో పోసిన ప్లమ్ పండ్ల సారా. ముసలామె సోఫాల మీద కవర్లు సరిచేసి, పెద్ద ఇంటికి తాళం వేసి, తాళంచెవి వేసవి వంటింట్లో మేకుకి తగిలిస్తుంది.