రోడ్డు మీద సాయం, సభలో చర్చ: అపోహలు - వాస్తవాలు

ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ బిల్లుల మీద నోట్సు తయారుచేసి ఇవ్వడం నా పని. సభలో లేచి మాట్లాడేముందు వాళ్లు ఒకసారి తిరగేసే రెండు మూడు పేజీలన్నమాట. జనం బయట ఎలా మసలుకోవాలో చెప్పే బిల్లు ఏది వచ్చినా చుట్టుపక్కల వినిపించేది ఒకటే: "మనవాళ్లకు సివిక్ సెన్స్ లేదండీ, గట్టి చట్టం పడాలి." ప్రమాద బాధితులకు సాయపడేవాళ్లకు రక్షణ ఇచ్చి, ట్రాఫిక్ జరిమానాలు పెంచిన 2019 మోటారు వాహనాల సవరణ బిల్లప్పుడూ ఇదే విన్నాను. ఆ బిల్లు గురించి ఇప్పటికీ చెప్పుకునే కొన్ని మాటలు, అసలు సంగతులు ఇవి.

అపోహ: రోడ్డు మీద పడి ఉన్న మనిషిని తప్పనిసరిగా ఆదుకోవాలని చట్టం చేశారు.

చేయలేదు. జర్మనీలో అలాంటి చట్టం ఉంది. వీలుండి కూడా సాయపడకపోతే ఏడాది వరకు జైలు లేదా జరిమానా. ఫ్రాన్స్‌లో శిక్ష ఐదేళ్ల వరకు ఉంటుంది. మన చట్టంలోని 134ఏ సెక్షన్ దారినపోయే ఎవరినీ బలవంతపెట్టదు. ప్రతిఫలం ఆశించకుండా, మంచి మనసుతో బాధితుడికి సాయపడిన మనిషిని 'గుడ్ సమారిటన్' అంటుంది. ఆ సాయంలో ఏదైనా పొరపాటు జరిగి బాధితుడికి హాని కలిగినా, ప్రాణం పోయినా అతని మీద సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవంటుంది.

ఇలా ఎందుకు రాశారంటే, ఇక్కడ జనానికి జాలి లేక కాదు, భయం ఉండి. ఆస్పత్రికి మోసుకెళ్తే "నువ్వే గుద్దావా?" అంటారు, అడ్వాన్సు కట్టమంటారు, ఆపైన కోర్టు వాయిదాలు. ఆ టెన్షన్ తీసేయకుండా ఎంత నీతి చెప్పినా బండి ఆగదు.

ఈ సెక్షన్ కింద 2020 సెప్టెంబరులో వచ్చిన రూల్స్ చదివితే ఆ భయాన్ని ఎంత వివరంగా పట్టించుకున్నారో తెలుస్తుంది. పేరు, అడ్రసు చెప్పి తీరాలని పోలీసులు బలవంతం చేయకూడదు. ఇష్టపడి సాక్ష్యం ఇస్తానంటే, అతనికి వీలైన టైముకి ఇంటికో పనిచేసే చోటికో వెళ్లి అడగాలి. స్టేషన్‌కు తానే వస్తానంటే తప్ప, వచ్చే అధికారి యూనిఫాంలో కాక మామూలు బట్టల్లో ఉండాలి! ఇరుగుపొరుగు కంట్లో పడకుండా అన్నమాట. నాకు ఈ రూల్స్‌లో అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇదే. రాసినవాళ్లకు మన వీధులు తెలుసు.

ఒక్క మాట మరచిపోకండి. ఈ వెసులుబాటు దారినపోయేవాళ్లకే. ప్రమాదంలో ఉన్న బండి డ్రైవరు బాధితుడికి వైద్యం అందేలా చూడాలని 134వ సెక్షన్ చెబుతూనే ఉంది. డాక్టర్లు కేసు లాంఛనాల కోసం ఆగకుండా ప్రాణం కాపాడాలని సుప్రీంకోర్టు 1989లోనే, పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

అపోహ: సభ అనుకుంటే చట్టం వారంలో అయిపోతుంది.

ఆఖరి ఘట్టం మాత్రమే అంత చకచకా కనిపిస్తుంది. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ, సాయపడేవాళ్లకు రక్షణ కావాలంటూ 2012లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2015లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2016 మార్చిలో కోర్టు వాటికి కట్టుబడి తీరాల్సిన బలం ఇచ్చింది. అదే ఏడాది కర్ణాటక సొంతంగా బిల్లు ఆమోదించుకుంది, దానికి రాష్ట్రపతి ఆమోదం వచ్చేసరికి 2018 అయింది.

కేంద్రం బిల్లు 2016 ఆగస్టులో లోక్‌సభకు వచ్చింది, బిల్లులను పరిశీలించే ఎంపీల కమిటీ అయిన స్థాయీ సంఘానికి వెళ్లింది, 2017 ఏప్రిల్లో లోక్‌సభ ఆమోదం పొందింది. రాజ్యసభ దాన్ని సెలెక్ట్ కమిటీకి, అంటే ఆ ఒక్క బిల్లు కోసమే వేసే కమిటీకి పంపింది. ఈలోగా 16వ లోక్‌సభ గడువు తీరింది. లోక్‌సభ ఆమోదించి రాజ్యసభలో పెండింగులో ఉన్న బిల్లు ఆ లోక్‌సభతోపాటే పోతుంది. 2019 జులైలో మళ్లీ మొదటికొచ్చారు. ఈసారి రాజ్యసభలో 108 మంది అనుకూలం, 13 మంది వ్యతిరేకం. అంతా అయిపోయిందనుకుంటే, అచ్చుతప్పులు సరిచేసినందుకు బిల్లు ఇంకోసారి లోక్‌సభకు వెళ్లింది.

అపోహ: సభలో అరుపులు తప్ప పని జరగదు.

టీవీలో చూపేది సభను. క్లాజు క్లాజుగా బిల్లును విప్పి చూసేది స్థాయీ సంఘం, కెమెరాలు లేని గదిలో. అక్కడ అధికార, ప్రతిపక్ష సభ్యులు ఒకే బల్ల చుట్టూ కూర్చుని రవాణా శాఖ అధికారులను నిలదీస్తారు. ఏ బిల్లు గురించైనా తెలుసుకోవాలంటే సభ వీడియో కన్నా ముందు ఆ సంఘం నివేదిక చదవండి.

అపోహ: ఆ బిల్లును వ్యతిరేకించినవాళ్లు తాగి నడిపేవాళ్లను వెనకేసుకొచ్చినట్టే.

ఈ మాట వింటే నాకు చిరాకు. అభ్యంతరాల్లో ముఖ్యమైనది తాగుడు గురించి కాదు, రాష్ట్రాల అధికారాలకు కోత పడుతుందనేది. మోటారు వాహనాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి, అంటే కేంద్రమూ రాష్ట్రాలూ రెండూ చట్టాలు చేయొచ్చు. బస్సు పర్మిట్లు, జాతీయ రవాణా విధానం లాంటి వాటిలో కేంద్రం చెయ్యి పెరుగుతోందని రాష్ట్రాల తరఫున మాట్లాడినవాళ్లు అన్నారు. పోలీసు శాఖ రాష్ట్రాలది, చలానా రాసే కానిస్టేబులూ రాష్ట్రం మనిషే. అలాంటప్పుడు అడగడం తప్పెలా అవుతుంది?

అపోహ: జరిమానా పదింతలు చేస్తే అందరూ దారికొస్తారు.

హెల్మెట్ లేకపోతే 100 రూపాయలున్నది 1,000 చేశారు. మద్యం తాగి నడిపితే 2,000 వరకు ఉన్నది 10,000 అయింది. 2019 సెప్టెంబరు 1 నుంచి అమలన్నారు. నెల తిరగకముందే గుజరాత్ హెల్మెట్ జరిమానాను 500కు దించింది. తెలంగాణ ప్రభుత్వం కొత్త జరిమానాలు అమలు చేయబోమంది. పార్లమెంటు అంకె వేసినా అక్కడికక్కడ వసూలు చేసి కేసు ముగించే మొత్తం ఎంతో తేల్చుకునేది రాష్ట్రం. ఓటరు జేబు ఎవరికి దగ్గరో వాళ్లే ముందు తగ్గుతారు. దీన్ని రాజకీయం అని తీసిపారేసేవాళ్లుంటారు, నేను మాత్రం అమలుకు ముందు జరగాల్సిన లెక్క ఆలస్యంగా జరిగిందంటాను.

అపోహ: చట్టం వచ్చేసింది కాబట్టి సభలో ఇక మాట్లాడటానికేం లేదు.

ఆ 2020 రూల్స్‌లోనే ఇంకో సంగతి ఉంది. గుడ్ సమారిటన్ హక్కులేమిటో చెప్పే పట్టికను ప్రతి ఆస్పత్రి, ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా, హిందీ, ఇంగ్లీషుతోపాటు స్థానిక భాషలో కూడా గుమ్మం దగ్గరో అందరికీ కనిపించే చోటో పెట్టాలి. ఈసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు చూడండి. కనిపించకపోతే ఆస్పత్రి పేరు, ఊరు, తేదీ రాసి, ఫొటో తీసి మీ ఎమ్మెల్యేకు ఇవ్వండి. "జిల్లాలో ఎన్ని ఆస్పత్రుల్లో పట్టిక పెట్టారు, పెట్టనివాటికి నోటీసులిచ్చారా" అని నక్షత్రం గుర్తు ప్రశ్న వేయమని అడగండి. ఆ ప్రశ్న సభలో చర్చకు వస్తే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలూ వేయొచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకైతే కాగితం మీద జవాబు వస్తుంది, అంతే.