కమ్యూనిటీ కాలేజీ గ్రాడ్యుయేషన్: తెలుగు ఇళ్లలో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

మే నెల వచ్చిందంటే మా కౌన్సెలింగ్ ఆఫీసుకి వచ్చే ప్రశ్నల రంగు మారిపోతుంది. గౌను ఎక్కడ కొనాలి, ఇంటికి ఎన్ని టికెట్లు ఇస్తారు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, ముందు వరసలో సీటు దొరుకుతుందా... ఇవే. నేను కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో, అంటే రెండేళ్ల డిగ్రీ ఇచ్చే ప్రభుత్వ కాలేజీలో, కౌన్సెలర్‌ని. నాకు గౌన్లతో కన్నా ఫైళ్లతో పని ఎక్కువ: ఎవరు ఏ క్లాసు పూర్తి చేశారు, ఎవరికి ఏది మిగిలింది, డిగ్రీకి అర్హత వచ్చిందా లేదా చూడడం. తెలుగు కుటుంబాలతో మాట్లాడేటప్పుడు కొన్ని నమ్మకాలు పదే పదే ఎదురవుతాయి. కొన్ని నవ్వి ఊరుకునేవి. కొన్నిటివల్ల మాత్రం సీటో, వీసానో ఇబ్బందిలో పడుతుంది. కింద చెప్పే కాలేజీ నిబంధనలు కాలిఫోర్నియావి. వీసా సంగతులు అమెరికా అంతటికీ ఒకటే.

అపోహ: వేదిక మీద చేతికిచ్చేదే డిగ్రీ

ఆ రోజు చేతికొచ్చేది సాధారణంగా ఖాళీ అట్ట. తెరిచి చూస్తే మహా అయితే ఒక అభినందన కాగితం ఉంటుంది. వేడుక నాటికి ఆ సెమిస్టర్ గ్రేడ్లు ఇంకా పడవు కాబట్టి అంతకు మించి ఇవ్వడం కుదరదు. కొన్ని కాలేజీల్లో ఫైనల్ పరీక్షలు, వేడుక ఒకే వారంలో ఉంటాయి. టీచర్లు గ్రేడ్లు పెట్టాక రికార్డ్స్ ఆఫీసులో ఒకరు కూర్చుని ఒక్కో ఫైలు తెరుస్తారు. 60 సెమిస్టర్ యూనిట్లు (క్లాసులకిచ్చే క్రెడిట్లు) ఉన్నాయా, గ్రేడ్ల సగటు జీపీఏ 2.0కి తగ్గకుండా ఉందా, మేజర్ (ముఖ్య సబ్జెక్టు) క్లాసులు, అందరూ చదవాల్సిన జనరల్ ఎడ్యుకేషన్ క్లాసులు లెక్కకి సరిపోయాయా అని చూస్తారు. అన్నీ కుదిరాకే ట్రాన్స్‌క్రిప్ట్ (క్లాసులు, గ్రేడ్ల జాబితా) మీదికి డిగ్రీ పేరు, తేదీ ఎక్కుతాయి. డిప్లొమా కాగితం ఆ తర్వాత ఎప్పుడో పోస్టులో వస్తుంది.

పెళ్లి ఫొటో ఉన్నంత మాత్రాన మ్యారేజ్ రిజిస్ట్రేషన్ అయినట్టు కాదు కదా, ఇదీ అంతే. గౌను వేసుకుని, పేరు పిలిపించుకుని, బంధువులందరికీ వాట్సాప్‌లో ఫొటోలు పంపిన పిల్లాడికి ఆఖరి స్టాటిస్టిక్స్ క్లాసులో ఎఫ్ వస్తే డిగ్రీ రాదు. వేసవిలో ఒకటి రెండు క్లాసులు పూర్తి చేయాల్సినవాళ్లను కూడా చాలా కాలేజీలు మేలో వేదిక మీద నడవనిస్తాయి. ఇంట్లోవాళ్లు మాత్రం ఆ రోజుతోనే అన్నీ అయిపోయాయనుకుంటారు. ఇక్కడ చదివి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ)కి మారే ట్రాన్స్‌ఫర్ విద్యార్థి ఆఖరి ట్రాన్స్‌క్రిప్ట్‌ను జూలై 1 కల్లా పంపాలి. అది అందకపోయినా, అందులో గ్రేడ్లు పడిపోయినా ఇచ్చిన అడ్మిషన్‌ను వెనక్కి తీసుకునే హక్కు యూనివర్సిటీకి ఉంది. వేడుక మర్నాడు నేను అడిగే ప్రశ్న ఒకటే: ట్రాన్స్‌క్రిప్ట్ ఆర్డర్ పెట్టావా, బాబూ?

అపోహ: క్లాసులన్నీ పాసైతే డిగ్రీ దానంతటదే వస్తుంది

కొన్ని కాలేజీలు ఇప్పుడు అలా ఇవ్వడం మొదలుపెట్టాయి కానీ, చాలాచోట్ల ‘నాకు డిగ్రీ ఇవ్వండి’ అని విద్యార్థే అర్జీ పెట్టుకోవాలి. దాన్ని గ్రాడ్యుయేషన్ పిటిషన్ అంటారు. దాని గడువు వేడుక కన్నా ఎంతో ముందే ముగుస్తుంది. వేడుకకి పేరు నమోదు చేసుకోవడం వేరే ఫారం. ఒకటి నింపి రెండోది కూడా అయిపోయిందనుకునేవాళ్లు ప్రతి ఏడాదీ తగులుతారు. నడవడం ఇష్టం లేకపోతే మానేయొచ్చు, డిగ్రీకి ఏమీ కాదు. పిటిషన్ మానేస్తేనే చిక్కు.

అపోహ: చదువు రానివాళ్లు, సీటు దొరకనివాళ్లు చేరే చోటు

దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే మన ఇళ్లలో బలంగా పాతుకున్నది ఇదే. హైస్కూల్ అయిపోయాక పిల్లాడు కమ్యూనిటీ కాలేజీకి వెళ్తున్నాడని చెప్పడానికి తల్లిదండ్రులు మొహమాటపడతారు. ‘ఇప్పటికి అక్కడే చేరాడండీ, తర్వాత మారతాడు’ అని సర్దిచెబుతారు.

ఇల్లినాయ్‌లోని జోలియట్ జూనియర్ కాలేజీ 1901లో మొదలైంది. దేశంలో ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీల్లో పాతది అదే. షికాగో యూనివర్సిటీ అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్, జోలియట్ హైస్కూల్ అధిపతి జె. స్టాన్లీ బ్రౌన్ కలిసి ఆరుగురు విద్యార్థులతో ప్రారంభించారు. యూనివర్సిటీ మొదటి రెండేళ్ల చదువును సొంత ఊళ్లోనే అందించాలన్నది వాళ్ల ఆలోచన. అంటే ఇది మొదటి నుంచీ యూనివర్సిటీ దారిలో ఒక భాగమే. ఇప్పుడు ఒక్క కాలిఫోర్నియాలోనే 116 కాలేజీలున్నాయి. రాష్ట్రంలో నివాస హోదా ఉన్నవాళ్లకి యూనిట్‌కి 46 డాలర్లు, అంటే 60 యూనిట్ల డిగ్రీకి ఫీజు 2,760 డాలర్లు. పుస్తకాలు, ఇంటి అద్దె వేరనుకోండి. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవాళ్లు ఇంతకు ఎన్నో రెట్లు కడతారు, ఆ మాట కూడా చెప్పాలి.

చేరడానికి వడపోత లేదన్నది నిజం. లోపల చదువు తేలికని కాదు. నర్సింగ్ కోర్సుకి సీట్ల కన్నా దరఖాస్తులే ఎక్కువ. రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ చేసిన అమ్మాయి, నాలుగేళ్ల నర్సింగ్ బ్యాచిలర్స్ (బీఎస్ఎన్) చేసిన అమ్మాయి, ఇద్దరూ రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు కోసం రాసేది ఒకటే పరీక్ష, ఎన్‌క్లెక్స్-ఆర్ఎన్. అంతరిక్ష నౌకకి కమాండర్‌గా వెళ్లిన తొలి మహిళ ఐలీన్ కాలిన్స్ 1976లో న్యూయార్క్ రాష్ట్రంలోని కార్నింగ్ కమ్యూనిటీ కాలేజీ నుంచి అసోసియేట్ డిగ్రీ (ఈ రెండేళ్ల డిగ్రీ పేరు అదే) తీసుకున్నారు. యాపిల్ సహ వ్యవస్థాపకుడు స్టీవ్ వోజ్నియాక్ కూపర్టినోలోని డి ఆంజా కాలేజీలో చదివారు. ఈ పేర్లు చెప్తే ‘వాళ్లు వేరండీ’ అంటారు. సరే, పేర్లు పక్కన పెట్టండి. ఇక్కడ రెండేళ్లు చదివి యూసీ బర్క్‌లీకి వెళ్లి పూర్తి చేసినవాళ్లకి బర్క్‌లీ ఇచ్చే డిప్లొమా మిగతావాళ్లకిచ్చేదే. మధ్యలో ఎక్కడ చదివారో దాని మీద రాయరు.

అపోహ: రెండేళ్ల కాలేజీ అంటే రెండేళ్లలో అయిపోవాలి

సెమిస్టర్‌కి 15 యూనిట్లు తీసుకుంటే అవుతుంది. కానీ దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్. పగలు ఉద్యోగం, సాయంత్రం ఒకటో రెండో క్లాసులు. వాళ్లలో కొందరికి ఐదేళ్లు పడుతుంది, కొందరికి ఎనిమిది.

దీనికి తోడు ఇంకో తికమక. కాలేజీ పేరు గూగుల్‌లో కొడితే కనిపించే గ్రాడ్యుయేషన్ రేటు చూసి ‘ఇంత తక్కువా!’ అని గుండెలు బాదుకుంటారు. ప్రభుత్వం ఎప్పటినుంచో ప్రకటించే ఆ లెక్కలోకి వచ్చేది మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్‌టైమ్ చదివేవాళ్లే. వాళ్లు కూడా మూడేళ్లలోపు పూర్తి చేయాలి. పార్ట్‌టైమ్ వాళ్లు అందులో ఉండరు. డిగ్రీ తీసుకోకుండానే ఏడాదిన్నరకే యూనివర్సిటీకి మారిపోయినవాడు గ్రాడ్యుయేట్ లెక్కలోకి రాడు, ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ల కింద విడిగా చూపిస్తారు. కాలేజీ ఎలాంటిదో తెలియాలంటే ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి.

వేడుకలో గౌన్లు వేసుకున్న వరసని చూసినా ఈ సంగతి అర్థమవుతుంది. హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్లాసులు చేసిన 17 ఏళ్ల పిల్ల పక్కన ఆ పిల్ల తల్లి వయసామె ఉంటుంది. మన ఆడవాళ్లే ఎంతమందో: ఆంధ్రాలో బీటెక్కో, ఎంకామో చేసి, హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబాలకిచ్చే హెచ్-4 వీసా మీద వచ్చి, పని చేసే అనుమతి లేక, పిల్లలు బడికి వెళ్లే వేళల్లో అకౌంటింగ్, పిల్లల చదువుకి సంబంధించిన కోర్సులు పూర్తి చేసినవాళ్లు. హెచ్-4 మీద ఉన్నవాళ్లు చదువుకోవాలంటే ఎఫ్-1కి మారాలన్నది కూడా ఒక అపోహే. మారనక్కర్లేదు, ఫుల్‌టైమ్ కూడా చదవొచ్చు. ఆ డిగ్రీ వచ్చినంత మాత్రాన పని చేసే అనుమతి రాదన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

అందరూ స్టేడియంలోనే పట్టా పుచ్చుకోరు కూడా. 2014లో వచ్చిన చట్టం తర్వాత కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల టీచర్లు రాష్ట్ర జైళ్లలోకి వెళ్లి పాఠాలు చెప్తున్నారు. అక్కడివాళ్లకి అక్కడే గ్రాడ్యుయేషన్ వేడుకలు జరుగుతాయి.

అపోహ: ఇక్కడ డిగ్రీ ఉంటే యూనివర్సిటీ సీటు గ్యారంటీ

తక్కువ చేసి చూసేవాళ్లు ఒకవైపు, ఇదిగో వీళ్లు ఇంకోవైపు. ‘కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు కానిచ్చేస్తే యూసీఎల్ఏ నేరుగా వచ్చేస్తుందట కదా’ అంటారు. రాదు. 2010 చట్టంతో వచ్చిన ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీకి కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ వ్యవస్థలో చోటు ఖాయం; మీరు కోరిన క్యాంపస్‌లో, కోరిన మేజర్‌లో ఖాయమని కాదు. ఇక యూసీ క్యాంపస్‌ల సంగతి: టాగ్ అనే గ్యారంటీ ఒప్పందం ఇచ్చేవి ఆరే ఆరు. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్. వాటిలోనూ ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్ (యూసీఎల్ఏ), శాన్ డియేగో ఆ జాబితాలో లేవు. మనవాళ్లు ఎగబడే మేజర్లకి టాగ్ ఇవ్వని క్యాంపస్‌లు కూడా ఉన్నాయి, కాబట్టి ఏటా మారే ఆ పట్టికని మొదటి సెమిస్టర్‌లోనే చూసుకోవాలి. అసిస్ట్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ క్లాసు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో ఉచితంగా కనిపిస్తుంది. కన్సల్టెన్సీకి డబ్బు పోసే ముందు అది ఒక్కసారి తెరిచి చూడండి.

అపోహ: అసోసియేట్ డిగ్రీకి ఓపీటీ ఉండదు. ఉంటే మూడేళ్లుంటుంది

రెండూ తప్పే. ఎఫ్-1 విద్యార్థి అసోసియేట్ డిగ్రీ తర్వాత చదివిన రంగంలో 12 నెలల ఓపీటీకి (చదువయ్యాక ఉద్యోగం చేసే అనుమతికి) దరఖాస్తు పెట్టుకోవచ్చు. పై మెట్టుకి, అంటే బ్యాచిలర్స్‌కి వెళ్తే మళ్లీ కొత్తగా 12 నెలలు వస్తాయి. 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) పొడిగింపు మాత్రం బ్యాచిలర్స్ లేదా అంతకన్నా పై డిగ్రీ ఉన్నవాళ్లకే. దరఖాస్తును ప్రోగ్రాం ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల్లోపు పంపాలి. ఆ తేదీ కాలేజీ ఇచ్చే ఐ-20 ఫారం మీద ఉన్నది, వేడుక జరిగే తేదీ కాదు. ఈ విషయంలో స్నేహితుడి మాట, యూట్యూబ్ మాట వినకుండా కాలేజీలోని ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లండి.

అపోహ: ఫీజు కట్టేది మేమే కాబట్టి కాలేజీ మాకు చెప్పాలి

‘మావాడు నిజంగా గ్రాడ్యుయేట్ అవుతున్నాడా అమ్మా, కాస్త చూసి చెప్పు’ అని ఫోన్ చేస్తారు. తెలుగువాళ్లమనే చనువు. నేను చెప్పలేను. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి కాలేజీలో చేరిన క్షణం నుంచి రికార్డుల మీద హక్కు విద్యార్థిదే, వయసు 16 అయినా సరే. హైస్కూల్లో ఉంటూనే కాలేజీ క్లాసులు చేసే పిల్లలకి కూడా ఇదే వర్తిస్తుంది. సాధారణంగా విద్యార్థి రాసిచ్చిన అనుమతి ఉంటేనే మాట్లాడతాం. నేరుగా పిల్లల్నే అడగండి, పోర్టల్ తెరిచి డిగ్రీ ఆడిట్ (ఏది అయింది, ఏది మిగిలిందో చూపే పట్టిక) చూపించమనండి. రెండు నిమిషాల పని.

అపోహ: మన పేర్లు ఎలాగూ ఖూనీ చేస్తారు, చేసేదేముంది

చేసేది ఉంది. చాలా కాలేజీలు పేరు ఎలా పలకాలో రాసివ్వడానికి కార్డు ఇస్తాయి, కొన్నిచోట్ల మన గొంతుతో రికార్డు చేసి పంపే వీలుంది. మనవాళ్లు కార్డు మీద మామూలు స్పెల్లింగే మళ్లీ రాసిచ్చేస్తారు. చదివే ఆయన వెంకట సత్యనారాయణ దగ్గర తడబడితే తప్పెవరిది? విడగొట్టి, ఒత్తు ఎక్కడ పడాలో రాయండి. పిలిచే పేరు, డిప్లొమా మీద పేరు ఒకటే కానక్కర్లేదు. అయితే పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, వీసా మీద ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడ్డవాళ్లు డిప్లొమాకి అచ్చయ్యే పేరు ముందే సరిచూసుకోవాలి. అచ్చయ్యాక మార్పించాలంటే మళ్లీ ఫారం, మళ్లీ రుసుము, మళ్లీ ఎదురుచూపు.

అపోహ: కాలేజీ ఆహ్వాన పత్రం ఉంటే అమ్మానాన్నలకి వీసా వస్తుంది

విజిటర్ వీసాకి ఆహ్వాన పత్రం అవసరమే లేదని అమెరికా విదేశాంగ శాఖే చెప్తోంది. అధికారి చూసేది వచ్చేవాళ్ల సొంత పరిస్థితి: తిరిగి వెళ్లడానికి కారణాలున్నాయా, ఖర్చు ఎలా పెట్టుకుంటారు. విమానం టికెట్లు కొనే ముందు కాలేజీ క్యాలెండర్ చూడండి. సెమిస్టర్ కాలేజీల వేడుకలు ఎక్కువగా మే నెలాఖరులో ఉంటాయి, డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ కాలేజీలవి జూన్ చివర్లో. వేడుక ఫుట్‌బాల్ మైదానంలో అయితే నీడ ఉండదు, పెద్ద సంచుల్ని చాలాచోట్ల గేటు దగ్గరే ఆపేస్తారు. పెద్దవాళ్లకి టోపీ, నీళ్ల సీసా, నడవలేకపోతే వీల్‌చైర్ సీటు కావాలని ముందే ఒక ఈమెయిల్. పులిహోర డబ్బా కారులోనే ఉంచండి.