సిస్‌ప్లాటిన్ కంటే ముందు ఎక్కే మెగ్నీషియం

చెన్నై క్యాన్సర్ ఆసుపత్రుల డేకేర్ వార్డుల్లో నెల్లూరు, తిరుపతి యాసలు వినిపించని రోజు ఉండదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించే ముందు సిస్టర్ ఒక చిన్న ఆంపూల్ మెడ విరిచి, సిరంజితో లాగి సెలైన్‌లో కలుపుతుంటే, కీమో మొదలైందా అని పక్కనున్నవాళ్లు అడుగుతారు. అది మెగ్నీషియం సల్ఫేట్. క్యాన్సర్‌ను అది చంపదు. చంపే మందు దేహం నుంచి తోడేసేదాన్ని ముందే పూడుస్తుంది.

1965లో మిచిగన్ స్టేట్ యూనివర్సిటీలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బృందం బ్యాక్టీరియా మీద కరెంటు ప్రభావాన్ని పరిశీలిస్తుండగా, అవి విడిపోకుండా దారాల్లా సాగిపోయాయి. కరెంటుది కాదు ఆ పని, ఎలక్ట్రోడ్ల నుంచి కరిగిన ప్లాటినానిది. అలా బయటపడిన సిస్‌ప్లాటిన్‌కు 1978లో అమెరికాలో అనుమతి దొరికింది. నిజానికి తొలి ప్రయోగాల్లో కిడ్నీలు ఎంతగా దెబ్బతిన్నాయంటే, మందునే పక్కన పెట్టేస్తారనిపించింది. సెలైన్ ధారాళంగా ఎక్కించే పద్ధతి దాన్ని నిలబెట్టింది. అయినా రోగుల రక్తంలో మెగ్నీషియం పడిపోతూనే ఉందని 1979 నాటికి వైద్యులు రాశారు: కిడ్నీ నాళికలు దాన్ని తిరిగి పీల్చుకోలేక మూత్రంలో వదిలేస్తున్నాయి. పిక్కలు పట్టేయడం, వేళ్లు తిమ్మిరెక్కడం, ముదిరితే గుండె లయ తప్పడం దీని లక్షణాలు. మెగ్నీషియం సరిచేయనిదే పొటాషియం ఎంత ఇచ్చినా నిలవదు. పైగా ఈ కొరత ఉన్న జంతువుల్లో సిస్‌ప్లాటిన్ కిడ్నీలను మరింత దెబ్బతీస్తుందని తర్వాతి పరిశోధనలు చూపడంతో, లోటు తీర్చే లవణం కాస్తా కవచమైంది.

రక్తపరీక్ష కూడా పూర్తి నిజం చెప్పదు. పెద్దవాళ్ల దేహంలో సుమారు 25 గ్రాముల మెగ్నీషియం ఉంటే, అందులో సగానికి పైగా ఎముకల్లో దాగి ఉంటుంది, రక్తంలో తిరిగేది ఒక శాతం లోపే.

క్యాన్సర్ పుట్టుకలో దాని పాత్ర ఇంత సూటిగా లేదు. డీఎన్‌ఏను రాసే, మరమ్మతు చేసే ఎంజైములకు అది కావాలి. వేగంగా విభజించుకునే కణితికీ కావాలి. మెగ్నీషియం తగ్గించిన ఎలుకల్లో అసలు కణితి నెమ్మదించింది గాని, ఇతర అవయవాలకు పాకడం పెరిగిందని 2004లో ఒక అధ్యయనం తేల్చింది. కణితి చుట్టూ మెగ్నీషియం తగినంత ఉంటేనే రోగనిరోధక వ్యవస్థకు చెందిన టి-కణాలు గట్టిగా దాడి చేస్తాయని 2022లో బాసెల్ పరిశోధకులు చూపారు. ఇవి ఆసక్తి కలిగించే ఫలితాలే గాని, మందుల చీటీలు కావు.

ఈ తేడా తెలియక, సీసాలో ఎక్కించినది మంచిదే కదా అని మందుల షాపులో మెగ్నీషియం బిళ్లలు కొనేవాళ్లున్నారు. విరేచనాలు పట్టుకోవచ్చు, సిస్‌ప్లాటిన్ వల్ల కిడ్నీ ఇప్పటికే మందగించి ఉంటే ఒంట్లో పేరుకుపోవచ్చు కూడా. మరో ప్లాటినం కీమో మందు ఆక్సాలిప్లాటిన్ తెచ్చే తిమ్మిర్లను ఆపుతుందన్న ఆశతో కాల్షియంతో కలిపి మెగ్నీషియం ఎక్కించే అలవాటు వైద్యుల్లోనే చాలాకాలం సాగింది. 353 మందిపై జరిగిన ట్రయల్‌లో ప్రయోజనం లేదని 2014లో తేలాక దాన్ని మానుకున్నారు.