నిర్వహణ ఖర్చు ఎవరి ఖాతాలో?

ఆరోగ్యశ్రీ తొలినాటి బీమా ఒప్పందంలో ఒక షరతు ఉండేది. ప్రభుత్వం కట్టిన ప్రీమియంలో 20 శాతాన్ని బీమా సంస్థ తన నిర్వహణ ఖర్చు కింద ఉంచుకోవచ్చు. అదీ, క్లెయిములూ పోగా ఇంకా ఏమైనా మిగిలితే, ఆ మిగులులో 90 శాతం వెనక్కి ఇవ్వాలి. సంక్షేమ పథకాల ఖర్చు గురించి హైదరాబాద్‌లో ఈనాటికీ సాగుతున్న వాదన మూలాలు ఆ షరతులో కనిపిస్తాయి. పథకాన్ని నడపడానికి నూటికి ఎంత పోవచ్చు? ఆ పోయేది ఎవరి చేతికి పోవాలి?

అంతకు ముందు పేదవాడి ఇంట్లో గుండె జబ్బు బయటపడితే మిగిలిన దారి ముఖ్యమంత్రి సహాయ నిధి. ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం, ఆసుపత్రి వేసిచ్చిన అంచనా, ఆదాయ ధ్రువపత్రం పట్టుకుని సచివాలయం చుట్టూ తిరగాలి. ఆ పద్ధతికి ప్రత్యేక యంత్రాంగమంటూ లేదు కనుక ప్రభుత్వం లెక్కల్లో దాని నిర్వహణ ఖర్చు నామమాత్రం. శ్రీకాకుళం నుంచి వచ్చినవాడి రైలు చార్జీ, లాడ్జి గది అద్దె, పోగొట్టుకున్న కూలి మాత్రం ఏ లెక్కలోకీ ఎక్కలేదు. దరఖాస్తులు వెల్లువెత్తడంతో ఇలా కాదని తలచి, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీని మొదలుపెట్టింది. తెల్లకార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50 వేలు.

రోగి మోస్తూ వచ్చిన తిరుగుడు ఖర్చులో కొంత అప్పుడు ప్రభుత్వం ఖాతాలోకి మారింది. ఆసుపత్రి గుమ్మం దగ్గర రోగికి దారి చూపే ఆరోగ్యమిత్ర, ఫోను ఎత్తే కాల్ సెంటర్, ఆపరేషన్‌కు ముందస్తు అనుమతి ఇచ్చే డాక్టర్లు, క్లెయిములు పరిశీలించే సిబ్బంది, జూబ్లీహిల్స్‌లో పథకం బాధ్యత చూసే ప్రభుత్వ ట్రస్టు కార్యాలయం. వీటన్నిటికీ జీతాలు, అద్దెలు. ‘వైద్యానికి ఇచ్చిన డబ్బు ఆఫీసులకు పోతోంది’ అన్న విమర్శకు అవకాశం అక్కడ దొరికింది.

2008 జూలై 17న మొదలైన రెండో దశను బీమా సంస్థ చేతికి ఇవ్వకుండా ట్రస్టే నేరుగా నడిపింది. తర్వాత మొదటి దశ చికిత్సలూ ట్రస్టు కిందికే వచ్చాయి. ప్రైవేటు సంస్థకు పోయే వాటాను మిగుల్చుకోవచ్చన్న వాదనలో న్యాయం ఉంది. కానీ దొంగ క్లెయిము దాటిపోతే బీమా సంస్థ తన లాభంలోంచి నష్టపోతుంది. ట్రస్టు అయితే జనం సొమ్ము నష్టపోతుంది. పట్టుకోవాలన్న ఆత్రం రెండు చోట్లా ఒకేలా ఉంటుందని నేను నమ్మను. దానికి తోడు బకాయిలు. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. 2025లో బిల్లులు రావడం లేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. ఆలస్యమూ ఖర్చే. అయినా దాన్ని రాసుకునే పద్దు లేదు.

ఈ చర్చ ఎప్పుడు లేచినా ఎవరో ఒకరు 15 పైసల మాట తీస్తారు. 1985లో కలహండి కరవు ప్రాంతం చూసిన రాజీవ్ గాంధీ, రూపాయిలో 15 పైసలే పేదవాడికి చేరుతున్నాయన్నారు. మిగతా 85 పైసల్లో గుమస్తా జీతం ఎంత, దొంగతనం ఎంత అన్న ప్రశ్నకు ఆ మాటలో జవాబు లేదు. 2005లో ప్రణాళికా సంఘం చౌకధరల దుకాణాల మీద చేసిన మదింపులోనూ ఇదే చిక్కు. పేదవాడికి ఒక రూపాయి అందించడానికి 3.65 రూపాయలు పడుతోందని తేల్చింది. 1983 నుంచి రెండు రూపాయలకు కిలో బియ్యం చూసిన రాష్ట్రంలో ఆ అంకె బాగానే ప్రయాణించింది. అయితే అందులో పక్కదారి పట్టిన బియ్యమూ ఉంది, అర్హత లేనివారికి చేరిందీ ఉంది, గోదాములూ రవాణా ఉన్నాయి. అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘పరిపాలనా వ్యయం’ అనడం మనకు అలవాటైపోయింది.

నిర్వహణ ఖర్చునూ పక్కదారి పట్టే సొమ్మునూ విడదీసి చూపింది ఉపాధి హామీ పథకం. కేంద్రం మొదట తక్కువే ఇచ్చినా, తర్వాత పథకం ఖర్చులో 6 శాతం వరకు నిర్వహణకు వాడుకోనిచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒక అడుగు ముందుకు వేసి, పథకం ఖర్చులో అర శాతాన్ని సామాజిక తనిఖీకే కేటాయించింది. 2009లో హైదరాబాద్ కేంద్రంగా అందుకోసం ఒక స్వతంత్ర సొసైటీనే పెట్టింది. మస్టర్ రోల్ అనే హాజరు పట్టీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, ‘ఈ పనికి వెళ్లావా, ఈ కూలి అందిందా’ అని అడిగి, గ్రామసభలో చదివి వినిపించే మనుషులకు జీతాలు ఆ డబ్బులోంచే వచ్చాయి. పొదుపు పేరుతో ఆ అర శాతాన్ని కోసి ఉంటే లెక్క మరింత ముచ్చటగా కనిపించేది, దొంగ మస్టర్లు మాత్రం హాయిగా సాగేవి. ఉపాధి హామీ స్థానంలో 2025 డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం నిర్వహణ పరిమితిని 9 శాతానికి పెంచింది.

ఖర్చు తక్కువగా కనిపించడానికి ఇంకో పాత ఉపాయం ఉంది. 1975లో అంగన్‌వాడీలు, 2005లో ఆశాలు వచ్చారు. వారిని ఉద్యోగులు అనలేదు. ఒకరికి గౌరవ వేతనం, ఇంకొకరికి చేసిన పనిని బట్టి పారితోషికం. టీకాల నుంచి ఇంటింటి సర్వేల దాకా వాళ్ల భుజాల మీదే నడుస్తున్నాయి కానీ జీతాల పద్దు పెరగలేదు. ఆ తేడా ఎంతో తెలియాలంటే బడ్జెట్ పుస్తకాల్లో వెతకనక్కర్లేదు, ఇందిరా పార్కు దగ్గర ధర్నా చౌక్‌లో కూర్చున్న ఏ ఆశా కార్యకర్తను అడిగినా చెబుతుంది.

2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు తెలంగాణ ప్రభుత్వం ప్రజాపాలన పేరుతో, ఎన్నికల్లో హామీ ఇచ్చిన ఆరు గ్యారంటీల్లో ఐదింటికీ ఇతర అవసరాలకూ దరఖాస్తులు తీసుకుంది. అన్నీ కలిపి కోటీ 25 లక్షలకు పైగా వచ్చాయి. తీసుకున్నవారికి, వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించినవారికి అయిన ఖర్చు ఏదో ఒక శాఖ పద్దులో ఉండే ఉంటుంది. దరఖాస్తుకు జత చేసిన ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులకు మాత్రం ఇంటివాళ్లే డబ్బులిచ్చారు.